గింజ ఉన్న సీమలో ఆకలి: బందరు, గుడివాడ, దివిసీమల ధాన్యపు కొట్ల కథ

కృష్ణా డెల్టా అనగానే ఎవరికైనా ముందు కళ్ళలో మెదిలేది పచ్చని వరిచేను. బెజవాడ ఆనకట్ట దగ్గర కాలవల్లోకి మళ్ళిన నీరు పొలాలు తడుపుకుంటూ సముద్రపు అంచు దాకా వస్తుంది. ఇక్కడ పండిన బియ్యం ఎక్కడెక్కడి వాళ్ళకో అన్నం పెట్టింది. అలాంటి చోట ఆకలికి చరిత్ర ఏమిటి, ధాన్యపు కొట్టుకు చరిత్ర ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు. బియ్యం నిలవ చేసే గదిని పెద్దది చేసి, బందరుతో పాటు గుడివాడలోనూ, దివిసీమలోనూ ఒక్కొక్క నిలవ గది ఏర్పాటు చేయాలని మన సంఘంలో మాట వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న మా చెవిన పడుతూనే ఉంది. "రేషను షాపులున్నాయి, మిల్లులున్నాయి, మనకెందుకండీ ఈ కొట్ల గొడవ?" అంటున్నారు కొందరు పెద్దలు. వారి మాటను కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ సీమలో జనం ఎప్పుడెప్పుడు ఆకలితో చచ్చారో, అప్పుడు గింజ ఎక్కడ ఉందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమని మాత్రం కోరుతున్నాం. చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ మూడు చోట్లా గింజ అసలే లేక చచ్చినవాళ్ళకంటే, ఉన్న గింజ అందక చచ్చినవాళ్ళే ఎక్కువ.

ముందు బందరు సంగతి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వారికి పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ కోఠీలు పెట్టుకున్నారు. పర్షియా వర్తకులు అంతకుముందు నుంచే ఉన్నారు. అద్దకం బట్ట, నేత బట్ట ఇక్కడి సరుకు. ఆ రోజుల్లో ఒక విశేషం జరిగేది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. గోల్కొండ సుల్తానుల ఓడలు బందరు రేవు నుంచి ఎర్ర సముద్రానికి వెళ్ళేటప్పుడు సరుకుతో పాటు బియ్యం కూడా తీసుకువెళ్ళేవి. అది అమ్మకానికి కాదు, మక్కా మదీనాల్లోని బీదలకు ధర్మంగా పంచడానికి. అంటే ఈ తీరపు గింజ నాలుగు వందల ఏళ్ళ కిందటే అరబ్బు దేశపు బీదవాడి కంచంలో పడిందన్నమాట! ఓడ నింపి పంపే పద్ధతి, అక్కడ పంచే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి.

మరి అదే శతాబ్దంలో, 1630-32లో, గుజరాతును, దక్కనును ఊడ్చిపెట్టిన కరువు మన తీరాన్నీ తాకింది. బందరు చుట్టుపట్ల నేతగాళ్ళూ, బట్ట చలువ చేసేవాళ్ళూ పెద్ద సంఖ్యలో చనిపోయారని ఇక్కడి ఇంగ్లీషు వర్తకులు ఉత్తరాలు రాసుకున్నారు. వారి బాధ బట్ట ఆగిపోయిందని, మనుషులు పోయారని కాదేమో అనిపిస్తుంది ఆ సంగతి తెలుసుకుంటే. ఆ శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా కోరమాండల్ తీరంలో కడుపు నిండక బిడ్డల్ని అమ్ముకున్నవారూ, తమను తామే అమ్ముకున్నవారూ ఉన్నారు. డచ్చి ఓడలు వారిని బానిసలుగా ఎక్కించుకుపోయాయి.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. కరువులో ముందు పోయింది ఎవరు? నేతగాడు, చలువ చేసేవాడు, అద్దకపు పనివాడు, రేవులో మూటలు మోసేవాడు. వీళ్ళెవరికీ పొలం లేదు, గాదె లేదు. ఈ పూట కూలి ఈ పూట గింజ. ధర రెండింతలైతే సగం కడుపు, నాలుగింతలైతే పస్తు. మన సముదాయంలో ఎక్కువమంది ఇప్పటికీ ఇలాంటి పనుల్లోనే ఉన్నారు. దూది ఏకినవారు, అద్దకం పనివారు, జట్కా తోలి తరువాత రిక్షాకూ ఆటోకూ మారినవారు, బడ్డీ కొట్టు పెట్టుకున్నవారు. భూమి ఉన్నవాడి కరువు వేరు, కొనుక్కు తినేవాడి కరువు వేరు. ఈ మాటనే ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో తన గ్రంథంలో బెంగాలు కరువు లెక్కలతో నిరూపించి చెప్పారు. బందరు వీధులకు మాత్రం అది మూడు వందల ఏళ్ళ ముందు నుంచీ తెలిసిన సంగతే.

నందన నామ సంవత్సరపు కరువు గురించి పెద్దలు చెప్పగా వినని ఇల్లు ఇటు కృష్ణకు అటూ ఇటూ ఉండదు. 1832-33. డొక్కల కరువని దానికి పేరు. ఎండిన మనుషుల డొక్కలు పైకి కనబడేవి గనుక ఆ పేరు వచ్చిందంటారు. అప్పటికి గుంటూరు, మచిలీపట్నం వేర్వేరు జిల్లాలు. ఈ రెంటినీ కలిపి కృష్ణా జిల్లా చేసింది 1859లో. గుంటూరు జిల్లాలో ఉన్న 5 లక్షల మందిలో ఇంచుమించు 2 లక్షల మంది పోయారు. మద్రాసు వెళ్తే అన్నం దొరుకుతుందని దక్షిణానికి నడిచినవారి శవాలు బాట పొడుగునా పడి ఉన్నాయి. మచిలీపట్నం జిల్లా కూడా బాధ పడిందే. అప్పటి కంపెనీ ప్రభుత్వం పట్టుకు వేలాడిన సూత్రం ఏమిటంటే, ధాన్యపు వర్తకంలో సర్కారు చెయ్యి పెట్టకూడదు, ధర పెరిగితే సరుకు దానంతట అదే వస్తుంది అని. నిజమే, సరుకు ధర ఇచ్చేవాడి దగ్గరకు వస్తుంది. లేనివాడి దగ్గరకు ఎందుకు వస్తుంది?

ఆ కరువు మిగిల్చిన ఒక్క మంచి పని ఆనకట్ట. జనం పోతే శిస్తు కూడా పోయింది గనుక సర్కారుకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆర్థర్ కాటన్ గోదావరి మీద చేసిన పనిని చూసి కృష్ణ మీద కూడా పూనుకున్నారు. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలుపెట్టి 1855లో ముగించారు. దాని స్థానంలోనే ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కాలవలు తవ్వాక లక్షల ఎకరాలు మాగాణి అయ్యాయి. కాలవల మీద పడవలు నడిచాయి. వాన రాకపోయినా పంట వస్తుందన్న ధీమా జనానికి కలిగింది.

ఆ ధీమా గట్టిగా పదేళ్ళు కూడా నిలవలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం బందరు మీద పడింది. పోటు మామూలు మట్టానికి పైన 13 అడుగులు లేచిందని లెక్క. 30,000 మంది పోయారు. ఒక్క రాత్రిలో! బతికి బయటపడ్డవాళ్ళకు తాగడానికి నీళ్ళు లేవు, చెరువులన్నీ ఉప్పు. నేలమట్టాన ఉన్న కొట్లలో ధాన్యం ఉప్పునీళ్ళలో నానింది. ఉప్పునీట నానిన గింజ తినడానికీ రాదు, విత్తనానికీ రాదు. కరువు మెల్లగా వస్తుంది, మనిషి ఊరు విడిచి నడిచే వ్యవధి ఇస్తుంది. ఉప్పెన ఆ వ్యవధి ఇవ్వదు. అందుకని మన సీమలో ధాన్యం ఉంటే చాలదు, అది ఎంత ఎత్తున ఉందన్నది కూడా చూడాలి.

మెరక సీమల్లో జొన్నలు పాతరల్లో పోసి మట్టి కప్పేవాళ్ళు, ఏళ్ళ తరబడి నిలిచేవి. మన డెల్టాలో అది కుదరదు. మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అందుకని ఇక్కడివాళ్ళు పైకే కట్టారు. ఎత్తు దిమ్మె వేసి, వరిగడ్డితో లావుపాటి వెంట్లు పేని, చుట్లు చుట్లుగా పురి కట్టి మధ్యన వడ్లు పోసేవాళ్ళు. పైన గడ్డి కప్పు. కలిగినవాళ్ళకు చెక్క గాదెలు ఉండేవి. బీదవాడికి మట్టి కుండలు. ఎలుకకూ తేమకూ అందకుండా ఉండడానికి ఎన్ని తంటాలో! ఇంకొక్క విషయం, వాళ్ళు నిలవ పెట్టింది వడ్లు గాని బియ్యం కాదు. పొట్టు ఉన్నంతకాలం గింజ లోపల భద్రం. పొట్టు తీశాక నాలుగు నెలల్లో ముక్కపురుగు పడుతుంది.

ఈ సందర్భంలో హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం గుర్తుకు రాక మానదు. ఈజిప్టు రాజుకు వచ్చిన కలకు అర్థం చెబుతూ ఏడేళ్ళు పండినదాన్ని ఏడేళ్ళ కరువుకు దాచమన్నారు కదా. దాచమని ఊరుకోలేదు, తినడానికి కావలసింది తప్ప మిగతాది వెన్నులోనే ఉంచి దాచమన్నారు. నిలవ చేసే పద్ధతి కూడా ఆ సలహాలోనే ఉంది. మన రైతు పొట్టుతో వడ్లు పోసుకోవడమూ, ఆయన వెన్నుతో ఉంచమనడమూ ఒకే తెలివి. ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలంలో, క్రీ.శ. 639లో అరేబియాలో కరువు వచ్చింది. దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. ఆయన ఈజిప్టు పాలకుడికి కబురు పంపి ధాన్యం ఓడల మీద మదీనాకు దగ్గరి రేవుకు తెప్పించారు. జనానికి నెయ్యి దొరికే దాకా తాను నెయ్యి ముట్టలేదు. అందరికీ చెప్పే ఈ కథలో మాకు ముఖ్యంగా తోచింది నెయ్యి కాదు, రేవు. దూరంలో ఎంత గింజ ఉన్నా దింపుకునే చోటు, పంచే చోటు ఉంటేనే అది అన్నం అవుతుంది.

1876-78 నాటి మహా కరువు మద్రాసు రాజధానిని అల్లాడించింది. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల్లో జనం లక్షల్లో పోయారు. కాలవల పుణ్యమా అని కృష్ణా గోదావరి డెల్టాలు మాత్రం పండాయి. ఇక్కడి ధాన్యం బయటికి వెళ్ళింది. కృష్ణ నుంచి పెన్న వైపుకు, అక్కడి నుంచి మద్రాసుకు పడవ దారి కలపడానికి కరువు కూలీల చేత కాలవ తవ్వించారు. అప్పటి గవర్నరు పేర దాన్ని బకింగ్‌హాం కాలవ అన్నారు. అన్నం కోసం తవ్విన కాలవ మీదే తరువాత అన్నం పోయింది. ఆ కరువులో సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా ఇవ్వమని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌనంటే మన లెక్కలో 450 గ్రాములు. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ గొడవ మీదట 1880లో కరువు కమిషను, 1883లో కరువు నిబంధనలు వచ్చాయి. కరువు సహాయం దయ కాదు, సర్కారు బాధ్యత అని కాగితం మీద పడటం అప్పుడే. ఆ 450 గ్రాముల లెక్క గుర్తుంచుకోండి, చివర మళ్ళీ పని పడుతుంది.

గుడివాడ కథ రైలుతో మలుపు తిరిగింది. బెజవాడ నుంచి బందరుకు 1908లో రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరం వైపు మరో లైను పడి అది జంక్షను అయింది. చుట్టూ మాగాణి, మధ్యన జంక్షను. మిల్లులు రాక ఏం చేస్తాయి? అంతకుముందు బందరు కాలవ మీద పడవల్లో పోయే బస్తాలు రైలెక్కాయి. 1942లో బర్మా జపాను చేతికి పోయి రంగూను బియ్యం ఆగిపోయినప్పుడు మద్రాసు రాష్ట్రానికి మన డెల్టాలే దిక్కయ్యాయి. సర్కారు ధాన్యం సేకరించి మలబారు దాకా పంపింది. అప్పుడే జనానికి రేషను అలవాటయింది. స్వాతంత్ర్యం తరువాత 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ, 1965లో ఆహార సంస్థ వచ్చాయి. పురుల బదులు సిమెంటు గిడ్డంగులు లేచాయి. పెద్ద ఎత్తున నిలవ చేయడం వల్ల దేశం గట్టెక్కిందన్నది కాదనలేని మాట. అయితే నిలవ ఊరి నుంచి పట్టణానికి, ఇంటి నుంచి సంస్థకు మారింది. తాళం కూడా దానితో పాటే మారింది.

ఇక దివిసీమ. కృష్ణ రెండు పాయలుగా చీలి మధ్యన చేసిన లంక అది. మూడు వైపుల నీళ్ళు. 1977 నవంబరు 19, శనివారం. కోతకు వచ్చిన వరి పొలాల్లో ఉంది. సాయంత్రం దాటేటప్పటికి కెరటం తాడిచెట్ల మీదుగా వచ్చిందని చూసినవాళ్ళు చెబుతారు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళల్లో ఇళ్ళకు ఇళ్ళే లేచిపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలకు దగ్గరగా మనుషులు పోయారు. లెక్కలోకి రానివాళ్ళు ఉన్నారని ఆ ఊళ్ళ జనం ఇప్పటికీ అంటారు. వరసకు హిందువని ముస్లిమని లేకుండా ఒకే గోతిలో పూడ్చారు, కొన్నిచోట్ల ఒకే చితి మీద కాల్చారు. ఎవరి జనాజా ఎవరు చేశారో అడిగే రోజులు కావవి.

బతికినవాళ్ళ సంగతి చూడండి. పొలంలో పంట పోయింది, ఇంట్లో ఉన్న గింజ పోయింది. బావిలో ఉప్పు. పొయ్యి రాజేద్దామన్నా ఎండుపుల్ల లేదు. గుడివాడ మిల్లుల్లో, బెజవాడ గిడ్డంగుల్లో బియ్యం లేదా? ఉంది. అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో బస్తాలు బస్తాలుగా ఉంది. రోడ్డు తెగింది, చెట్లు అడ్డంపడ్డాయి, తీగలు తెగాయి. హెలికాప్టర్ల మీద నుంచి పొట్లాలు పడేదాకా చాలా ఊళ్ళకు దిక్కు లేకపోయింది. 1832లో గింజకూ మనిషికీ మధ్యన అడ్డం పడింది ధర. 1977లో అడ్డం పడింది దారి.

తరువాత సహాయం ఉప్పెనలాగే వచ్చిందని చెప్పాలి. దివిసీమ బిడ్డ మండలి వెంకట కృష్ణారావు ఆ ఊళ్ళు పట్టుకుని తిరిగారు. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషను, క్రైస్తవ సంస్థలు, ముస్లిం యువకులు, ఎక్కడెక్కడి విద్యార్థులో వచ్చి శవాలెత్తారు, గంజి కాచారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి విరాళాలు పోగు చేశారు. ఒకరిది నిమ్మకూరు, మరొకరిది గుడివాడ దగ్గర రామాపురం, ఇద్దరూ ఈ నేలవాళ్ళే. 1983లో ముఖ్యమంత్రి అయ్యాక రామారావు గారు రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టారు. దాని మంచిచెడ్డల మీద ఖజానా లెక్కలు చెప్పేవారు చాలా చెప్పారు. మేము ఒక్కటే అంటాం. కొనుక్కు తినేవాడికి ధర అడ్డం కాకుండా చేసిన పని ఈ సీమలో అంతకుముందు అంత పెద్ద ఎత్తున జరగలేదు.

దారి సంగతి మాత్రం అంత సులువుగా తేలలేదు. 1977 తరువాత తీరం పొడుగునా తుపాను రక్షిత భవనాలు కట్టారు, చాలాచోట్ల ఎత్తయిన స్తంభాల మీద. కాలం మామూలుగా ఉన్నప్పుడు బడిగానో, సమావేశాలకో వాడుకునేట్లు. 1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారాల దగ్గరే పెద్ద తుపాను దాటింది. ఈసారి హెచ్చరిక ముందే అందింది, జనాన్ని లక్షల్లో తరలించారు. చనిపోయినవారు రాష్ట్రం మొత్తం మీద వెయ్యిలోపు. పదమూడేళ్ళలో ఎంత తేడా! ఎత్తు కప్పు, ముందు మాట, ఈ రెండూ ప్రాణాలు నిలబెట్టాయి. కప్పు కిందకు చేరిన మనిషికి మూడో రోజున ఏం పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, బుడమేరు పొంగి బెజవాడ నగరంలోనే జనం రోజుల తరబడి మేడల మీద చిక్కుకుపోయారు. గిడ్డంగులు, హోటళ్ళు, రైల్వే స్టేషను, అన్నీ ఉన్న ఊరది. అక్కడే అన్నం పొట్లాలు డ్రోన్ల మీద పంపవలసి వచ్చింది. నది కింద చివరన ఉన్న దివిసీమ లంకల మాట చెప్పేదేముంది?

మామూలు రోజుల ఆకలి గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. ఒకప్పుడు పొలం లేని ఇంట్లో కూడా ఎన్నో కొన్ని వడ్లు ఉండేవి. కోత కూలి గింజల రూపంలో వచ్చేది. కోతలయ్యాక ఆడవాళ్ళూ పిల్లలూ పరిగె ఏరుకునేవాళ్ళు. కళ్ళం మీద వడ్రంగికీ, మంగలికీ, దూదేకుల వారికీ, ఫకీరుకూ చేటెడు గింజలు ముట్టేవి. పీర్ల పండగ వస్తే ఊరంతా బియ్యం ఇచ్చేది. ఇదంతా ధర్మమని కొందరు, హక్కని కొందరు అంటారు. ఏదైతేనేం, సంక్రాంతి తరువాత బీదవాడి కుండలో నాలుగు నెలల గింజ ఉండేది. ఇప్పుడు కోత యంత్రం వచ్చింది, పరిగె లేదు. 1980ల తరువాత గుడివాడ, బందరు ప్రాంతాల్లో మాగాణి చాలా భాగం చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయింది. చెరువు గట్టు మీద కళ్ళం ఉండదు. చెరువు కాపలాదారుకు జీతం డబ్బులు వస్తాయి, గింజ రాదు. బీదవాడి గాదె ఏ కరువూ రాకుండానే ఖాళీ అయింది. దీన్ని ఎవరూ కరువని అనలేదు గనుక ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని మేము అనడం లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు. 2021లో బియ్యం బండ్ల మీద ఇంటి ముందుకు తెచ్చారు, 2025 జూన్ నుంచి మళ్ళీ షాపులకే మార్చారు. 2024 ఆగస్టు 15న గుడివాడలో అన్న క్యాంటీను తిరిగి తెరిచారు, పూటకు 5 రూపాయలు. మంచి పనులే. కానీ కార్డు ఒక ఊళ్ళో, మనిషి ఒక ఊళ్ళో ఉండి ఇంకా మార్పించుకోనివాడు ఉంటాడు. కొత్తగా భర్త పోయి పేరు మారని ఆడది ఉంటుంది. వేటకు పోయినవారి ఇంట్లో ముసలివాళ్ళు ఉంటారు. 5 కిలోలు పన్నెండు రోజులకు మించి రావు. మన దగ్గరకు నెల మూడో వారంలో వచ్చేవాళ్ళు వీళ్ళే. కార్డు అడగకుండా తలుపు తీసే కొట్టు ఒకటి ఊళ్ళో ఉండాలి.

"ఫుడ్ బ్యాంకు" అన్న మాట కొత్తగా వినబడుతోంది. 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, అమ్ముడుపోక పారేసే ఆహారాన్ని తెచ్చి ఒక చోట పెట్టి పంచడం మొదలుపెట్టాడు. డబ్బు దాచే చోటు బ్యాంకయితే అన్నం దాచే చోటు కూడా బ్యాంకే అని ఆ పేరు. బ్యాంకు మాట బందరుకు కొత్త కాదు. డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఇక్కడే. 2020లో అది మరో బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి. అన్నం బ్యాంకు మాత్రం మనకు అంతకన్నా పాతది. బైతుల్‌మాల్ అంటే అదే కదా? ఫిత్రా అసలు మొదలైందే గింజగా. సా అనేది కొలపాత్ర, మన కుంచం, మానిక లాంటిది. రానురాను వీలు కోసం రూపాయల్లోకి మారింది. రూపాయల్లో ఇవ్వడం తప్పని మేము అనం, అది ఉలమాలు చెప్పవలసిన విషయం. ఇచ్చేవాడికి సుళువు, పుచ్చుకునేవాడికి మందో బట్టో కొనుక్కునే వెసులుబాటు. అయితే తుపాను మూడో రోజున చేతిలో రూపాయి ఉండి ఊళ్ళో బియ్యం లేకపోతే ఆ రూపాయి ఏం చేసుకోవాలి?

ఇప్పుడు గదుల సంగతి. మూడు చోట్లా ఒకే రకం గది కట్టడం దండగ అని మా అభిప్రాయం. గుడివాడలో వడ్లు కొని నిలవ పెట్టాలి. పంట అక్కడ, మిల్లు అక్కడ, రైలు అక్కడ. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ధర దిగి ఉన్నప్పుడు కొని, తేమ 14 శాతం లోపుకు ఆరబెట్టి పోస్తే ఏడాది నిలుస్తాయి. కావలసినప్పుడు కావలసినంత మర పట్టించుకోవచ్చు. బందరులో పెద్ద నిలవ అక్కరలేదు, వారం వారం పంచే చోటు కావాలి, మనిషి వరసలో నిలబడి అవమానపడకుండా. అక్కడున్న గదికి పక్కన ఇంకొకటి కలిపితే చాలు. ఎక్కువ ఖర్చు పెట్టవలసింది దివిసీమలో. అక్కడ వడ్లు పనికిరావు, కరెంటు పోతే మర ఆడదు. బియ్యమే ఉండాలి, ప్రతి మూడు నెలలకూ తీసి పంచి కొత్తవి పెట్టాలి. బియ్యంతో పాటు అటుకులు, బెల్లం, మంచినీళ్ళ డబ్బాలు కూడా. మొదటి రెండు రోజులు అక్కడ పొయ్యి వెలగదన్నది 1864 నాడూ 1977 నాడూ తేలిన సంగతే.

లెక్క కూడా చెబుతాం. వంద కుటుంబాలు, ఇంటికి ఐదుగురు చొప్పున 500 మంది. మనిషికి రోజుకు 400 గ్రాములు. టెంపుల్ దొర మట్టి మోసేవాడికి ఇచ్చిన 450 మీద మనం తగ్గాం అనకండి, మనం అడిగేది పని కాదు, పైగా పప్పు వేరే. రోజుకు 200 కిలోలు, వారానికి 1,400 కిలోలు. యాభై కిలోల బస్తాలు 28. నాలుగు వరసలుగా, వరసకు ఏడు. గోడకు అడుగున్నర ఎడం వదిలి, కింద చెక్క పలకలు వేసి పేర్చినా పదికి పన్నెండడుగుల గది సరిపోతుంది. మూడు వందల కుటుంబాలకైతే 84 బస్తాలు, గది రెండింతలకు కొంచెం పైన. ఇంతే. ఊహించుకున్నంత పెద్దదేమీ కాదు. కాకపోతే ఆ గది మేడ మీద ఉండాలి. నేలమట్టాన ఎంత గట్టిగా కట్టినా ఒక్క రాత్రికి చాలదని 1864లోనే బందరు చూసింది. మెట్లు బయటి వైపు నుంచి ఉండాలి, తాళంచెవి ఆ ఊళ్ళోనే ఇద్దరి దగ్గర ఉండాలి. బందరులో ఉన్న కార్యదర్శి దగ్గర తాళం పెట్టుకుని దివిసీమలో కొట్టు కట్టడం కన్నా కట్టకపోవడం మేలు.

ధాన్యం రూపంలో ఇవ్వదలచిన సోదరులు కోతలైన వెంటనే తేవద్దని మనవి. కళ్ళంలో బాగా ఆరాక, సంక్రాంతి దాటాక తెస్తే తూకం వేసి రసీదు ఇస్తారు.